వడ్ల కుప్ప మీది కవర్

పొద్దున ఏడు కూడా కాలేదు, ముత్తెన్న ఇంటి వాకిట్లో అప్పుడే బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ కొట్లాట మొదలైంది.

"మీ బ్రెజిల్ కప్పు ముట్టక ఇరవై నాలుగేండ్లాయె బాపూ! నేను పుట్టకముందు ముచ్చట. ఇంకా ఏం ముఖం పెట్టుకొని ఆ పసుపు అంగీ తొడుక్కుంటవ్?" అంది సుజన, చాయ్ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చుంటూ.

"నవ్వుకో బిడ్డా, నవ్వుకో. ఈసారి నలభై ఎనిమిది టీములు, మూడు దేశాలు. శుక్రవారం మెక్సికోల మొదటి విజిల్ పడనీ. అప్పుడు మీ నీలం గీతలోళ్ల సంగతి జూస్తం."

బాన్సువాడలో వీధి వీధికీ క్రికెట్టే. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ అంటే ఇంతలా ఊగిపోయేది ఈ తండ్రీ కూతుళ్లే. ముత్తెన్న వయసులో ఉన్నప్పుడు చెరుకు ఫ్యాక్టరీకి సీజన్ పనికి వెళ్లేవాడు. అక్కడి క్వార్టర్లలో ఎవరిదో టీవీలో చూసిన ఆట అతన్ని మళ్లీ వదల్లేదు. సుజన రెండో తరగతిలో ఉండగా నిద్రలేపి ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించాడు. గురుకులంలో ఆమె గోల్‌కీపర్ అయినప్పుడు ఒకే ఒక్క మాట చెప్పాడు: "బంతి మీదికొస్తుంటే కండ్లు మూయొద్దు బిడ్డా. ముక్కు పగిలినా సరే, మూయొద్దు." డిగ్రీ రెండో సంవత్సరానికి వచ్చినా సుజనకి ఆ మాటంటే పిచ్చి, ఆ మాట చెప్పిన నాయిన అంటే ఇంకా పిచ్చి.

గేటు చప్పుడైంది. పోసవ్వ వచ్చింది. జుట్టు నిండా వడ్ల దుమ్ము, కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. బీర్కూర్ రోడ్డు పక్కన కొనుగోలు కేంద్రంలో యాసంగి పంట వడ్లు కుప్ప పోసి, వారాల తరబడి ఆ కుప్ప పక్కనే పడుకుంటోంది.

"మీ కొట్లాట తెగిందా? నాకు బుక్కెడు అన్నం దొరుకుతదా, అది గూడ మెక్సికో కెళ్లి రావాల్నా?"

"ఉన్నదమ్మా, పెడుతున్న!" సుజన లేచింది.

"ఇగో, ఇనుండ్రి. తేమ సరిపోయిందట. రేపు పొద్దుగాల్నే మన కాంటా." చెబుతుంటే పోసవ్వ ముఖం ఒక్కసారి విచ్చుకుంది. కాంటా పడిందంటే వడ్లు తూకమై లారీ ఎక్కినట్టే, ఆర్నెల్ల కష్టం గట్టెక్కినట్టే. "ఈ ఒక్క రాత్రి మీరెవలన్న వచ్చి కుప్పకాడ పండుండ్రి. నా నడుము పని జేస్తలేదు."

తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఈ పొద్దు మళ్ల ప్రొజెక్టర్ వస్తుంది పోసవ్వా," అన్నాడు ముత్తెన్న నెమ్మదిగా. "సంజీవ్ తన ఫోటో స్టూడియోల కెళ్లి తెస్తుండు. సరిగ్గ పడుతదా లేదా జూడాలె గద. ఒక్క రాత్రే. రేపటి సంది నీకు రెస్టే రెస్టు."

పోసవ్వ ముద్ద చేతిలో పట్టుకుని అతని వైపు చూసింది.

"నీకు నాలుగేండ్లకోసారి పండుగ. నాకు ఆర్నెల్లకోసారి. నా పండుగకు ఒక్కసారన్న వచ్చినవా?"

ఆమె గబగబా తినేసి, ఇంకో డబ్బాలో అన్నం, మామిడికాయ తొక్కు సర్దుకుంది. "నీలకు. పాపం, నిన్నటి సంది ఉత్త రొట్టెనే తింటుంది." నీలది లంబాడీల తండా. కేంద్రంలో ఆమె కుప్ప పోసవ్వ కుప్ప పక్కనే, రాత్రి ఆమె పడక పోసవ్వ పడక పక్కనే. ఇన్ని వారాల్లో ఇద్దరూ ఒక్క పళ్లెంలో తినేదాకా వచ్చారు.

ఆమె వెళ్లగానే ప్రొజెక్టర్ పంచాయితీ మళ్లీ మొదలు. ముందు రోజు దుప్పటి కట్టి చూస్తే ఒకటే నవ్వు, గోల్‌కీపర్ నెత్తి మీద ఇంత పెద్ద గులాబీ పువ్వు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పువ్వులవే.

"తెల్లగ, సాఫ్‌గ ఉండాలె," అన్నాడు ముత్తెన్న గడ్డం గోక్కుంటూ. అంతలోనే అతని కళ్లు మెరిశాయి. "మన కొత్త కవర్!"

వడ్ల మీద కప్పే టార్పాలిన్. ఒక వైపు నీలం, ఇంకో వైపు తెలుపు. గోడంత ఉంటుంది.

"అమ్మ కుప్పకు కావాలె గద బాపూ?"

"రేపు కాంటా. మబ్బు లేదు, ఏం లేదు. పొద్దుమూకి రెండు గంటలు చూసుకొని, మీ అమ్మ కుప్ప కప్పే యాళ్లకు మళ్ల ఆడ పెట్టేస్తం."

"అమ్మను అడుగుదామా?"

"అడిగితే ఇస్తదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు చాలా మామూలు నవ్వు, ఆ ఇంట్లో ఎన్నోసార్లు నవ్వుకున్నదే.

మధ్యాహ్నం సుజన స్కూటీ మీద కేంద్రానికి వెళ్లింది. ఎండ పేలిపోతోంది. పోసవ్వ గోనె సంచుల కోసం ఆఫీసు గది దగ్గర లైన్‌లో ఉంది. ట్రాలీ నీడలో నీల కొంగు ముఖం మీద కప్పుకుని నిద్రపోతోంది. ఆమె తలాపు దగ్గర రెండు కవర్లు మడతపెట్టి ఉన్నాయి, ఒకటి నీలది, ఒకటి వీళ్లది. పగలు గింజలు ఆరాలి కాబట్టి కవర్లు తీసి పక్కన పెడతారు. సుజన చప్పుడు చేయకుండా తమ కవర్ తీసుకుని స్కూటీ ముందు పెట్టుకుంది. నీలని లేపి చెబుదామా అనుకుంది. లేపితే అమ్మకి తెలుస్తుంది. లేపలేదు.

సాయంత్రం వాకిలి జాతరలా అయింది. కవర్‌ని మడిచి, తెల్ల వైపు పైకి పెట్టి, గట్టిగా లాగి గోడకి మేకులు దిగ్గొట్టారు. సంజీవ్ ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. పాత మ్యాచ్ ఒకటి పెడితే పచ్చటి మైదానం గోడంతా పరుచుకుంది, సుజన ఎగిరి చప్పట్లు కొట్టింది. పక్కింటి పిల్లలు, ఎదురింటి ముసలాయన, ఎప్పుడూ క్రికెట్ తప్ప మాట్లాడని పోరగాళ్లు కూడా వచ్చి నేల మీద కూర్చున్నారు. ముత్తెన్న పసుపు అంగీలో అటూ ఇటూ తిరుగుతూ మిర్చీలు పంచుతున్నాడు. "శుక్రవారం నాడు జూడుండ్రి, ఇంకా మస్తుంటది!"

అప్పుడు గాలి వీచింది.

ముందు దుమ్ము లేచింది, తర్వాత గోడ మీది కవర్ టపటపా కొట్టుకుంది, మైదానం మొత్తం అలల్లా ఊగింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఉత్తరం వైపు మెరుపు మెరిసింది. సంజీవ్ ప్రొజెక్టర్ పట్టుకుని లోపలికి పరుగెత్తాడు. పెద్ద పెద్ద చినుకులు పడుతుంటే వాకిలి క్షణంలో ఖాళీ.

"బాపూ, కుప్ప!" అంటూ సుజన గోడకి ఎగబడింది. "మేకులు తియ్యి! జల్ది!"

ముత్తెన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. గిది తీస్కపోతే దొరికిపోతం బిడ్డా. మీ అమ్మ ఊకుంటదా? కేంద్రంల అందరి ముంగట ఇజ్జత్ తీస్తది."

"మరెట్ల?"

"ఇది గాలి వాన. అయిదు నిమిషాలల్ల ఎల్లిపోతది. దుప్పటి తీస్కపోదాం పా."

సుజన ఒక్క క్షణం నిలబడింది. ఆ ఒక్క క్షణంలో కాదని ఉండొచ్చు. అనలేదు. గులాబీల దుప్పటి చంకలో పెట్టుకుని బైకు ఎక్కింది.

వాన అయిదు నిమిషాల్లో వెళ్లిపోలేదు.

కేంద్రంలో దీపాలు లేవు. బైకు వెలుతురులో పోసవ్వ కనిపించింది. కుప్ప మీద బోర్లా పడుకుని ఉంది, రెండు చేతులూ చాపి. పక్కన ఖాళీ గోనె సంచులు పరిచింది, చీర కొంగు పరిచింది, ఇంకేమీ దొరక్క తనే పరుచుకుంది. నీల చీలమండల లోతు నీళ్లలో పార పట్టుకుని కుప్ప చుట్టూ కాలువ తవ్వుతోంది.

"కవర్ లేదయ్యా!" పోసవ్వ అరుపు వానలో సగమే వినబడింది. "ఈన్నే పెట్టిన! ఎవలో ఎత్కపోయిండ్రు! ఇంకోటి తెచ్చినవా?"

"ఇంట్ల ఏడున్నది ఇంకోటి?" అన్నాడు ముత్తెన్న.

సుజన దుప్పటి పరిచింది. అది ఒక్క నిమిషంలో తడిసి ముద్దయింది, గులాబీల మీద నుంచి నీళ్లు కుప్పలోకి కారాయి.

తెల్లారి ఎండ మామూలుగానే వచ్చింది, రాత్రి ఏమీ జరగనట్టు. కుప్ప నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. పోసవ్వ మోచేతి దాకా చెయ్యి దోపి పిడికెడు వడ్లు బయటికి తీసింది. వెచ్చగా ఉన్నాయి, పులిసిన వాసన వస్తోంది. తేమ చూసే దేవదాస్ మిషన్‌లో గింజలు పోసి, చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది నడ్వది పెద్దమ్మా. మళ్ల ఎండబెట్టుకోవాలె. మొలకొస్తే మాత్రం ఇగ నేనేం జెయ్యలేను. నీల వడ్లు పొడిగున్నయ్, నీ నంబర్ల ఆమెది పెడుత."

ఆ మాటతో పోసవ్వ తల నీల వైపు తిరిగింది. నెమ్మదిగా తిరిగింది.

"అంటే నా నంబర్ నీకొచ్చిందన్నట్టు."

"ఏమంటున్నవ్ అక్కా?"

"నా కవర్ నీ తలాపు కాడ పెట్టి పోయిన. నీది ఉన్నది. నాది లేదు. ఈడ నువ్వు తప్ప ఎవలు లేరు. ఏమనాల్నో నువ్వే జెప్పు."

"ఒక్క కునుకు పట్టిందక్కా. లేసి చూస్తే లేదు. నువ్వే తీస్కపోయినవనుకున్న."

"అనుకున్నవా? మంచిగనుకున్నవ్!" పోసవ్వ గొంతు పెరిగింది. చుట్టూ కుప్పల దగ్గర జనం లేచి నిలబడ్డారు. "మీ తండోళ్ల సంగతి మా అత్త ఎప్పుడో చెప్పింది. నేనే ఇనలే. ఒక్క పళ్లెంల తిన్న నీతోని!"

"రాత్రి నీ కుప్ప చుట్టు కాలువ తవ్విందెవలక్కా? కవర్ పోతే ఇంకోటి కొనుక్కుంటవ్. తండా అన్నవ్ జూడు..." మిగతాది తన భాషలో ఏదో అనుకుంది, గట్టిగా కూడా అనలేదు.

పోసవ్వ ఆగలేదు. నీల మూట లాగి విప్పి, అందరి ముందూ నేల మీద కుమ్మరించింది. ఒక రగ్గు, ఒక చీర, స్టీలు గిన్నె. కాగితంలో చుట్టి దాచుకున్న మామిడికాయ తొక్కు బురదలో పడింది. కవర్ లేదు.

సుజన తండ్రి వైపు చూసింది. ముత్తెన్న బైకు పక్కన గొంతుక్కూర్చుని చైను చూస్తున్నాడు. చైనుకి ఏమీ కాలేదు.

"బాపూ," అంది గొంతు తగ్గించి. "చెప్పు."

"ఊకో బిడ్డా. ఆడోళ్ల కొట్లాట. ఇయ్యాల తిట్టుకుంటరు, రేపు కలుస్తరు."

"బాపూ, నా దిక్కు జూడు."

చూడలేదు. బంతి మీదికొస్తుంటే కళ్లు మూయొద్దని చెప్పిన మనిషి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. సుజనకి అతను ఒక్కసారిగా చాలా చిన్నగా కనిపించాడు. రాత్రి మేకుల దగ్గర తను కూడా అంతే చిన్నగా నిలబడింది.

అక్కడ పోసవ్వ వంగి రెండు చేతులా తడి మన్ను ఎత్తింది. ఆ మన్ను ఎందుకు ఎత్తిందో అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఒకరిద్దరు "వద్దు పోసవ్వా, అనకు" అంటున్నారు. ఆమె సూర్యుడి వైపు తిరిగింది.

"నా కవర్ తీసినోళ్ల ఇంట్ల పొయ్యి వెలుగొద్దు! వాళ్లు తినే బువ్వ మన్నై పోవాలె! వాళ్ల కడుపున పుట్టిన..."

సుజన పరుగెత్తుకెళ్లి తల్లి రెండు చేతులూ పట్టేసుకుంది.

"అనకమ్మా! అనకు! ఆ ఇల్లు మనదే!"

పోసవ్వకి అర్థం కాలేదు. కూతురి ముఖం చూసింది, మళ్లీ చూసింది.

"నేనే తీసిన. నిన్న మధ్యాహ్నం. మ్యాచ్ చూడనీకి, గోడకు కట్టినం. నీలత్త నిద్రపోతుండె. ఆమెకు తెల్వనే తెల్వదు."

పోసవ్వ వేళ్ల మధ్య నుంచి మన్ను జారి ఇద్దరి పాదాల మీద పడింది. ఆమె అడిగింది, గొంతులో కోపం కూడా లేదు.

"వాన వడ్డప్పుడు కవర్ ఏడుండె?"

"ఇంట్ల... గోడకే."

"మరి బైకు మీద వచ్చిండ్రు గద ఇద్దరు. అప్పుడన్న తెస్తే సగం కుప్ప దక్కేది. దుప్పటెందుకు తెచ్చిండ్రే?"

సుజన తల్లి చేతులు వదిలేసింది. "దొరికిపోతమని."

అప్పుడు లేచాడు ముత్తెన్న. పసుపు అంగీ బురదతో మచ్చలు పడి ఉంది. "నేనే వద్దన్న పోసవ్వా. బిడ్డ తెస్తననే అన్నది. నాది తప్పు."

"నన్ను ఒక్క మాట అడిగినవా?"

"అడిగితే ఇయ్యవనుకున్న."

"ఇయ్యకపోయేదాన్ని. నిజమే." పోసవ్వ తల ఊపింది. "ఇయ్యద్దని నాకెర్క. ఎండల, వానల ఈడ పడున్నది నేను గదా, నాకెర్క. గందుకే నువ్వు అడగలే. నన్నడగకుంటే నీ పని సాఫ్‌గ అయితది. పెండ్లయినకాడి సంది గిదే కథ. నేను ఈ ఇంట్ల వండే మనిషిని, వడ్లు కాసే మనిషిని. అడిగే మనిషిని గాదు."

పోసవ్వ మోకాళ్ల మీద కూర్చుని, బురదలో పడిన రగ్గు ఎత్తి దులిపింది, మడతపెట్టబోయింది. నీల వంగి రగ్గుని ఆమె చేతుల్లోంచి మెల్లగా లాక్కుంది.

"ఉండనీ అక్కా. నేను మడతపెట్టుకుంట."

ఆ మధ్యాహ్నమే నీల తన సామానంతా కేంద్రం అటు చివరికి మార్చుకుంది.

ఆ తర్వాత సుజన కాలేజీకి వెళ్లలేదు. వడ్లు పల్చగా పరిచి, పొద్దున్నుంచి పొద్దుమూకేదాకా పాదాలు ఈడుస్తూ నడిచింది. గింజలు అలాగే తిప్పాలి, చాళ్లు పడేట్టు. నూగు గుచ్చుకుని కాళ్లు మండి పగిలాయి, ఆపలేదు. ముత్తెన్న రాత్రుళ్లు కుప్ప దగ్గర పడుకుంటున్నాడు. పోసవ్వ అన్నం తెచ్చి పెడుతుంది, గింజలు చూసుకుంటుంది, ఇద్దరితోనూ ఒక్క మాట మాట్లాడదు. అడుగున కొన్ని వడ్లకి తెల్లటి మొలకలు వచ్చాయి. వాటిని ఏరి పక్కన పోస్తుంటే సుజనకి కళ్లు నిండిపోయేవి, తల్లి చూస్తుందేమోనని తుడుచుకునేది కూడా కాదు. గోడ నుంచి తీసుకొచ్చిన కవర్‌కి మేకుల బొక్కలు పడ్డాయి, ఎండలో పరిస్తే ఆ బొక్కల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది.

శుక్రవారం పొద్దున ముత్తెన్న జేబులో ఫోన్ అదే పనిగా మోగింది. సంజీవ్. మొదటి మ్యాచ్ అయిపోయి ఉంటుంది. ముత్తెన్న తీయలేదు. కూతురి వైపు చూశాడు. సుజన తల దించుకుని వడ్లు తిప్పుతూనే ఉంది. ఎన్ని నెలల నుంచి ఎదురుచూశారు ఆ ఒక్క విజిల్ కోసం. ఎవరు గెలిచారో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

లారీలు రాక ఇన్ని రోజులు ఆగిన నీల వడ్లు అదే పొద్దున కాంటా అయ్యాయి. సంచులు లారీ ఎక్కాయి. ఉత్తరాన మళ్లీ మబ్బు కమ్ముతోంది, గాలి చల్లబడింది. పోసవ్వ వడ్లు గబగబా కుప్ప చేస్తోంది. ఎవరో దగ్గరికి వచ్చి నిలబడ్డట్టయి తలెత్తింది.

నీల. చంకలో మూట, చేతుల్లో మడతపెట్టిన తన కవర్.

"నా వడ్లు పోయినయ్. నాకిప్పుడు దీంతోని పనిలే." కవర్‌ని పోసవ్వ పాదాల దగ్గర పెట్టింది. "నీదానికి బొక్కలు పడ్డయట గద. మీదికెళ్లి ఇది కప్పు."

"నీలా..." పోసవ్వ లేచి నిలబడింది. "నేనన్న మాట..."

"మర్సిపోలే అక్కా. మర్సిపోయిన్నని అబద్ధం జెప్ప." నీల కళ్లలో నీళ్లు తిరిగాయి. "వడ్లేం పాపం జేసినయ్? కప్పుకో. నాట్లయినంక తెచ్చియ్యి."

తండా వైపు వెళ్లే ఆటో ఎక్కి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పోసవ్వ అక్కడే కూలబడింది. వాన రాత్రి ఏడవలేదు, మిషన్ చూసి ఏడవలేదు, ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సుజన వచ్చి పక్కన కూర్చుని భయం భయంగా భుజం మీద చెయ్యి వేసింది. పోసవ్వ ఆ చేతిని తోసేయలేదు.

"నీలను ఒక్కదాన్నే గాదు, తండా మొత్తాన్ని అన్ననే," అంది ఏడుపు మధ్యలో. "మీరు దొంగతనం జేసిండ్రు. నేను గంతకంటే పాడు పని జేసిన."

"అమ్మా..."

"ఇది తెచ్చియ్యనీకి నువ్వు గూడ రావాలె. అందరి ముంగట తిట్టిన. తండోళ్లందరి ముంగటనే తప్పయిందని జెప్పాలె."

"వస్తనమ్మా."

"నేను గూడ వస్త," అన్నాడు ముత్తెన్న వెనక నుంచి. ఆగి, మళ్లీ అన్నాడు, ఈసారి అడిగినట్టు. "రావొచ్చునా పోసవ్వా?"

పోసవ్వ రమ్మనలేదు, వద్దనలేదు. కళ్లు తుడుచుకుని లేచింది. మబ్బు దగ్గరికి వచ్చేసింది.

"ముందు ఆ కొస పట్టు," అంది.

కవర్ సంగతి బయటపడ్డ పొద్దు తర్వాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది. ముత్తెన్న పరుగున వెళ్లి కొస పట్టుకున్నాడు, సుజన ఇంకో కొస పట్టుకుంది. బొక్కలు పడ్డ తమ కవర్ కింద, దాని మీద నీల కవర్. అంచుల చుట్టూ రాళ్లు పెట్టి ముగ్గురూ పక్కకి జరిగేసరికి తొలి చినుకు నీల కవర్ మీద పడి, లోపలికి దిగకుండా పక్కకి జారిపోయింది.